తిరిగి పెడుతున్నదెవరు?

"తీసేసిన. మళ్లొచ్చింది."

బ్రౌజర్ చెయ్యి జారిన ఇంట్లో మొదట వినపడే మాట ఇదే. పటాన్‌చెరు దగ్గర భానూర్‌లో ఓ ఇల్లు అనుకోండి. నాన్నది భారత్ డైనమిక్స్ (బీడీఎల్)లోనో, పాశమైలారంలో ఏదో కంపెనీలోనో షిఫ్టు డ్యూటీ. కొడుకు ఇంటర్. హాల్లో ఓ మూల సెకండ్ హ్యాండ్‌లో కొన్న సిస్టమ్. క్రోమ్ తెరిస్తే గూగుల్ రావాల్సిన చోట ఎన్నడూ చూడని సెర్చ్ పేజీ వస్తోంది. ఏం వెతికినా పైనున్నవన్నీ ప్రకటనలే. నాన్న సెట్టింగ్స్‌లోకి వెళ్లి గూగుల్ పెట్టాడు. బాగైంది. తెల్లారి ఆన్ చేస్తే మళ్లీ అదే పేజీ. క్రోమ్‌నే తీసేసి కొత్తగా ఎక్కించాడు. మళ్లీ అదే. ఇక కోపం సిస్టమ్ మీంచి పిల్లాడి మీదికి మళ్లింది.

"నేనేం చెయ్యలే డాడీ, అదే వచ్చింది."

"అదే ఎట్లొస్తదిరా?"

నాన్న వేసిన ప్రశ్న నూటికి నూరుపాళ్లు సరైనది. కాకపోతే కొడుకుని అడిగాడు. సిస్టమ్‌ని అడగాల్సింది.

తీసేసింది తిరిగొస్తోందంటే ఎవరో తిరిగి పెడుతున్నారు. మనం తీసింది వాళ్లు పెట్టిన వస్తువుని. పెట్టే చెయ్యి ఎక్కడికీ పోలేదు. ఎన్నిసార్లు హోమ్ పేజీ మార్చినా ఆ చేతికి నష్టం లేదు, మనకే విసుగు. కాబట్టి రెండోసారి తిరిగొచ్చిన క్షణంలోనే తీయడం ఆపేయండి. వెతకడం మొదలుపెట్టండి. ఈ ఒక్క మలుపు అలవాటైతే కంప్యూటర్ విషయంలోనే కాదు, నెలనెలా తిరిగొచ్చే అప్పు విషయంలోనూ, వారంవారం జరిగే అదే గొడవ విషయంలోనూ పనికొస్తుంది. కానీ ఇక్కడ కంప్యూటర్ గురించే మాట్లాడుకుందాం. దాని దగ్గర సాధన చేయడం తేలిక, ఎదురు తిట్టదు కనుక.

పటాన్‌చెరు చుట్టుపక్కల కంపెనీల్లో మెయింటెనెన్స్ చేసేవాళ్లకి ఇది కొత్త కాదు. కరెంటు బోర్డులో ఎంసీబీ పడిపోతే పైకెత్తుతాం. మళ్లీ పడితే ఇంకాస్త గట్టిగా ఎత్తేవాడు కొత్త హెల్పర్. లోడ్లన్నీ విప్పేసి, ఒక్కొక్కటే కలుపుతూ, ఏది కలిపితే పడుతోందో చూసేవాడు ఎలక్ట్రీషియన్. డ్యూటీలో అంత ఓపికగా ఉండే మనిషే ఇంటికొచ్చాక మౌస్‌ని బల్లకేసి కొడతాడు. ఇంటి పనిని పనిగా లెక్కవేయకపోవడమే కారణమని నా అభిప్రాయం.

ముందు ఆ చెయ్యి ఎవరిదో, ఎందుకు పెడుతోందో తెలిస్తే సగం కోపం దిగుతుంది. 2017 జూన్‌లో ఇజ్రాయెల్‌కి చెందిన భద్రతా సంస్థ చెక్ పాయింట్ ఓ నివేదిక బయటపెట్టింది. బీజింగ్‌లోని రఫోటెక్ అనే డిజిటల్ మార్కెటింగ్ కంపెనీ ఉచిత సాఫ్ట్‌వేర్లకి తగిలించి వదిలిన ఫైర్‌బాల్ అనే హైజాకర్ (బ్రౌజర్‌ని చేజిక్కించుకునే సాఫ్ట్‌వేర్) ప్రపంచంలో 25 కోట్ల కంప్యూటర్లలోకి చేరిందని లెక్కగట్టింది. దేశాల పట్టికలో పై వరసలో ఉన్నది మనమే, 2 కోట్ల 53 లక్షలతో. తర్వాత బ్రెజిల్. ఆ అంకెలు పెంచి చెప్పినవని మైక్రోసాఫ్ట్ అభ్యంతరం చెప్పింది. 2015 నుంచే దీన్ని గమనిస్తున్నామనీ అంది. అంకెల మీద తగువుంది గానీ, అది పనిచేసిన తీరు మీద లేదు. హోమ్ పేజీని ట్రోటక్స్ లాంటి ఉత్తుత్తి సెర్చ్ పేజీకి మార్చేది. మీరు వెతికినదాన్ని యాహూకో గూగుల్‌కో పంపి, ఫలితాలు తెచ్చి ఇచ్చేది. మధ్యలో మీరెవరో, ఏం వెతికారో రాసుకునేది. ప్రకటనల మీద వచ్చే డబ్బు దాని యజమానికి. పైగా, కావాలనుకుంటే అదే దారిలో ఏ ఫైలునైనా మీ సిస్టమ్‌లోకి దించగలిగేది. అదే ఏడాది చైనా పోలీసులు ఆ కంపెనీ ఉద్యోగుల్ని కొందర్ని అరెస్టు చేశారు.

అంటే మీ హోమ్ పేజీ ఒకరికి అద్దె వచ్చే ఆస్తి. దాన్ని వదులుకోవడం వాళ్లకి నష్టం. అందుకే ఒకచోట తీస్తే ఇంకోచోట నుంచి తిరిగి పెట్టేలా రెండు మూడు ఏర్పాట్లు చేసుకుని మరీ వస్తారు. వాళ్లకి మీ మీద పగ లేదు, మీ అబ్బాయి మీదా లేదు.

లోపలికి ఎలా వచ్చింది? చాలాసార్లు మనమే తలుపు తీశాం. ఉచిత వీడియో ప్లేయర్ కోసమో, పీడీఎఫ్ మార్చే టూల్ కోసమో, గేమ్ క్రాక్ కోసమో వెళ్లి 'నెక్స్ట్, నెక్స్ట్, ఫినిష్' కొట్టాం. మధ్యలో ఒక తెర మీద ముందే టిక్ పెట్టిన చిన్న డబ్బా ఉంది, చూడలేదు. పేరున్న కంపెనీలూ ఈ పని చేశాయి. జావా ఎక్కించుకుంటే వెంట ఆస్క్ టూల్‌బార్ వచ్చే కాలం చాలామందికి గుర్తుండే ఉంటుంది. 2015లో మైక్రోసాఫ్ట్ ఆ టూల్‌బార్ పాత వెర్షన్లని తొలగించాల్సిన సాఫ్ట్‌వేర్ల జాబితాలో వేసింది. అదే ఏడాది ఫిబ్రవరిలో ఇంకో సంగతి బయటపడింది. లెనోవో కొత్త ల్యాప్‌టాప్‌లు కొన్నింటిలో సూపర్‌ఫిష్ అనే ప్రకటనల సాఫ్ట్‌వేర్‌ని ఫ్యాక్టరీలోనే ఎక్కించి అమ్మారు. బ్యాంకు సైట్లతో జరిగే రహస్య సంభాషణలోకి కూడా తొంగిచూడగల సాఫ్ట్‌వేర్ అది. పెట్టె విప్పకముందే లోపలున్నదానికి కొన్నవాడు ఏం చేస్తాడు?

మన దేశంలో ఈ ముందే పెట్టిన టిక్కుల మీద, తికమక ప్రశ్నల మీద నిబంధనలు కాస్త ఆలస్యంగా వచ్చాయి. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబర్ 30న డార్క్ ప్యాటర్న్‌ల మీద మార్గదర్శకాలు జారీ చేసింది. పదమూడు రకాల మాయల్ని పేరుపేరునా చెప్పింది. అందులో ఒకటి రోగ్ మాల్వేర్. మీ కంప్యూటర్లో వైరస్ ఉందని భయపెట్టి, దొంగ క్లీనర్‌కి డబ్బు కట్టించి, ఆ క్లీనర్‌తోనే అసలు వైరస్ ఎక్కించడం. బ్రౌజర్ బాగుచేసుకోబోయి చాలామంది పడేది సరిగ్గా ఈ గుంటలోనే.

పిల్లాడి దగ్గరికి మళ్లీ వద్దాం. వాడు ఏదో ఎక్కించే ఉంటాడు. తిడితే ఏమవుతుంది? దాస్తాడు. ఏం ఎక్కించాడో, ఏ రోజు ఎక్కించాడో వాడికి తప్ప ఇంకెవరికీ తెలియదు. మీకు కావాల్సిన మొదటి ఆధారం అదే. తిట్టడమంటే ఆ ఒక్క సాక్షిని పోగొట్టుకోవడమే. మాల్వేర్‌బైట్స్ అనే పేరు వినే ఉంటారు. దాన్ని పెట్టిన మార్చిన్ క్లెచిన్‌స్కీ పోలండ్‌లో పుట్టి అమెరికాలో పెరిగినవాడు. పద్నాలుగేళ్లప్పుడు దొంగ గేమ్ కోసం వెతికి అమ్మ కంప్యూటర్‌కి వైరస్ ఎక్కించాడు. ఇంట్లో ఉన్న యాంటీవైరస్ దాన్ని గుర్తుపట్టలేదు. తెలిసినవాళ్ల సాయం అడిగి, వాళ్లు చెప్పింది చెప్పినట్టు చేసి, రోజుల తరబడి కూర్చుని తీశాడు. 2008లో కంపెనీ పెట్టాడు. ఇంటింటా మార్చిన్‌లు తయారవుతారని కాదు నేను చెప్పేది. ఎక్కించినవాడి చేతే తీయించడంలో ఒక చదువు ఉందని మాత్రం చెబుతాను. మీ అబ్బాయిని పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టుకోండి. నోట్‌బుక్ వాడి చేతికివ్వండి.

పనికి దిగేముందు కొన్ని జాగ్రత్తలు. తెర మీద పెద్ద అక్షరాలతో ఫోన్ నంబరు కనిపించి 'వెంటనే మైక్రోసాఫ్ట్‌కి కాల్ చేయండి' అంటే చేయకండి. మైక్రోసాఫ్ట్ హెచ్చరికల్లో ఫోన్ నంబర్లు ఉండవు. ఎవరు అడిగినా ఎనీడెస్క్ లాంటివి ఎక్కించి సిస్టమ్‌ని అప్పగించకండి. ఆ సిస్టమ్‌లో బ్యాంకు పని, పీఎఫ్ పని ఆపేయండి. ఈమెయిల్, బ్యాంకు పాస్‌వర్డ్‌లని ఫోన్లోంచి మార్చండి. హైజాకర్ పేరు కొట్టి 'దీన్ని తీసేయడం ఎలా' అని వెతికితే పైన వచ్చే పేజీల్లో చాలావరకు తమ క్లీనర్ అమ్ముకునేవే. ఉచితంగా స్కాన్ చేసి, తీయడానికి డబ్బు అడుగుతాయి. డబ్బు ఇప్పటికే పోయిందనుకోండి, ఈ పనంతా పక్కన పెట్టి ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే సొమ్ము ఆగే అవకాశం అంత ఎక్కువ.

ఇంకో మాట. రేపు పొద్దున హాల్ టికెట్ డౌన్‌లోడ్ చేయాలి కాబట్టి రాత్రి పదింటికి ఈ పని పెట్టుకోకండి. హాల్ టికెట్ ఫోన్లో తీసుకోండి. సిస్టమ్‌కి వీక్లీ ఆఫ్ రోజు కేటాయించండి.

ఇప్పుడు నోట్‌బుక్. ఎప్పుడు మొదలైంది, అంతకుముందు రోజుల్లో ఏం ఎక్కించారు, ఏ పేజీకి లాక్కెళ్తోంది. ఈ మూడూ రాశాక అసలు ప్రశ్న. ఒక్క క్రోమ్‌లోనేనా, ఎడ్జ్‌లో కూడానా? ఈ ప్రశ్నకి జవాబు దొరికితే ఎక్కడ వెతకాలో తేలిపోతుంది. ఒక్క బ్రౌజర్‌లోనే ఉంటే దొంగ ఆ బ్రౌజర్ లోపలే, అంటే ఎక్స్‌టెన్షన్‌లోనో సెట్టింగ్‌లోనో ఉండొచ్చు. అన్ని బ్రౌజర్లలోనూ ఉంటే బయట విండోస్‌లో ఏదో ప్రోగ్రాం, లేదా మీ ఇంటర్నెట్‌ని మధ్యవర్తి సర్వర్ గుండా మళ్లించే ప్రాక్సీ సెట్టింగ్. అదే వైఫై మీదున్న ఫోన్లో కూడా పేజీలు దారి తప్పుతుంటే సిస్టమ్‌ని వదిలేసి రౌటర్ వైపు చూడాలి. ఏ పేరుకి ఏ సైటు తెరవాలో చెప్పే డీఎన్‌ఎస్ సెట్టింగ్‌ని మార్చేసి బతికిన ముఠాలున్నాయి. ఎస్టోనియా ముఠా ఒకటి డీఎన్‌ఎస్‌ఛేంజర్‌తో దాదాపు 40 లక్షల కంప్యూటర్లని ఇలాగే మళ్లించింది. 2011 నవంబర్‌లో అమెరికా ఎఫ్‌బీఐ దర్యాప్తుతో వాళ్లు పట్టుబడ్డా, ముఠా సర్వర్లని ఒక్కసారిగా ఆపేస్తే ఈ లక్షల మందికీ ఇంటర్నెట్ పోతుందని వాటి స్థానంలో మంచి సర్వర్లు పెట్టి 2012 జులై 9 దాకా నడపాల్సొచ్చింది. మీ రౌటర్‌కి కంపెనీ ఇచ్చిన అడ్మిన్ పాస్‌వర్డ్ అలాగే ఉంటే ఈ రోజే మార్చండి.

చాలా ఇళ్లలో జవాబు మొదటిదో రెండోదో అవుతుంది. వరస ముఖ్యం. నూటికి తొంభై మంది బ్రౌజర్‌తో మొదలుపెడతారు, ఎందుకంటే కనిపించేది అదే. బ్రౌజర్ చివర. ముందు బయట.

కంట్రోల్ ప్యానెల్‌లో ప్రోగ్రాముల జాబితా తెరవండి. పేర్ల వరసలో కాదు, ఇన్‌స్టాల్ అయిన తేదీ వరసలో పెట్టండి. నోట్‌బుక్‌లో రాసిన తేదీ దగ్గర ఆగండి. మీరు అడిగి తెచ్చుకున్న ప్రోగ్రాం పక్కనే, అదే రోజు, మీరు అడగని పేర్లు రెండు మూడు కనిపిస్తాయి. అవి తీసేయండి. అడిగి తెచ్చుకున్నదాన్ని కూడా తీసేయండి, వెంటబెట్టుకొచ్చింది అదే కదా. తీసేటప్పుడు కొన్ని బతిమాలతాయి, కొన్ని 'నిజంగా తీసేస్తారా' అని తికమక పెట్టేలా అడుగుతాయి. ఇక్కడ మాత్రం నెక్స్ట్ నెక్స్ట్ కొట్టకండి, ప్రతి తెరా చదవండి.

తర్వాత టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ జాబితా. సిస్టమ్ ఆన్ అవగానే ఏవేవి లేస్తున్నాయో అక్కడ తెలుస్తుంది. ఆ తర్వాత చాలామందికి పేరు కూడా తెలియని చోటు, టాస్క్ షెడ్యూలర్. ఫలానా టైంకి ఫలానా పని చెయ్యి అని విండోస్‌కి అప్పజెప్పే పుస్తకం అది. తెల్లారి ఆన్ చేస్తే మళ్లీ అదే పేజీ రావడం వెనక తరచూ ఉండేది ఇందులో రాసిన ఒక్క వరసే. అర్థం లేని అక్షరాల పేరుతో, లాగిన్ అయిన ప్రతిసారీ ఏదో ఫైలుని నడిపే పని కనిపిస్తే దాన్ని వెంటనే చెరిపేయకండి. డిసేబుల్ చేయండి. పేరు నోట్‌బుక్‌లో రాయండి. రీస్టార్ట్ చేసి చూడండి. ఒకసారికి ఒక్క మార్పే. నాలుగు మార్చి బాగైతే ఏది చేసిన మేలో తెలియదు, నాలుగు మార్చి చెడితే ఏది చేసిన కీడో తెలియదు.

ఈ రాసుకునే పద్ధతికి ఓ చరిత్ర ఉంది. 2003 ప్రాంతంలో కూల్‌వెబ్‌సెర్చ్ అనే హైజాకర్ ప్రపంచాన్ని ఏడిపించింది. నెదర్లాండ్స్‌కి చెందిన మెరైన్ బెల్లెకోమ్ అనే విద్యార్థి దాన్ని తీసేయడానికి సీడబ్ల్యూష్రెడ్డర్ అనే టూల్ రాశాడు. కొత్త రకం వచ్చినప్పుడల్లా దాన్ని మార్చాల్సొచ్చింది. వాళ్లు మారుస్తూ పోయారు, ఈయన మారుస్తూ పోయాడు. ఆయనే రాసిన మరో టూల్ హైజాక్‌దిస్ ఎక్కువ కాలం నిలిచింది. చిత్రమేమిటంటే అది మంచీ చెడూ చెప్పదు. హైజాకర్లు చెయ్యి పెట్టడానికి వీలున్న చోట్లన్నీ తిరిగి, అక్కడేముందో జాబితా రాసి ఇస్తుంది. ఏది తీయాలో చదివి తేల్చుకోవాల్సింది మనిషే. తెలియకుండా అన్నీ టిక్ పెట్టి తీసేసినవాళ్ల సిస్టమ్‌లు పడుకున్నాయి కూడా. 2007లో దాన్ని ట్రెండ్ మైక్రో కొనుక్కుంది. తీర్పు చెప్పే ముందు జాబితా రాయడం అనే ఆ కుర్రాడి పద్ధతి ముందు మన యాంటీవైరస్ ఆర్భాటాలు చాలా చిన్నవిగా కనిపిస్తాయి నాకు.

ఇప్పుడు స్కాన్. విండోస్‌లోనే ఉన్న డిఫెండర్‌లో ఆఫ్‌లైన్ స్కాన్ అని ఒకటుంది. సిస్టమ్‌ని రీస్టార్ట్ చేసి, విండోస్ పూర్తిగా లేవకముందే వెతుకుతుంది. దొంగ నిద్రలో ఉండగా సోదా అన్నమాట. పావుగంట పడుతుంది. తెరిచిన ఫైళ్లు ముందే సేవ్ చేసుకోండి. దాని తర్వాత ఆడ్‌డబ్ల్యూక్లీనర్. ఫ్రాన్స్‌లో మొదలై 2016లో మాల్వేర్‌బైట్స్ చేతికొచ్చిన చిన్న ఉచిత టూల్ ఇది. ఇలాంటి హైజాకర్ల కోసమే రాసింది. దాని సొంత సైట్ నుంచే తెచ్చుకోండి. మన ప్రభుత్వానిదీ ఒకటుంది. 2017 ఫిబ్రవరి 21న దేశ సైబర్ అత్యవసర స్పందన బృందం సెర్ట్-ఇన్ ఆధ్వర్యంలో మొదలైన సైబర్ స్వచ్ఛతా కేంద్రలో తొలగింపు టూల్స్ ఉచితంగా పెట్టారు. అక్కడ పెట్టిన ఎం-కవచ్ అనే ఫోన్ రక్షణ యాప్, బ్రౌజర్ జేఎస్‌గార్డ్ అనే ఎక్స్‌టెన్షన్ మన హైదరాబాద్‌లోని ప్రభుత్వ పరిశోధన సంస్థ సీ-డాక్‌లో తయారైనవే. మన ఊరివాళ్లు రాసిన రక్షణ గురించి మనకే తెలియకపోవడం మామూలే లెండి. యూట్యూబ్‌లో పాత వీడియోలు చూసి క్రోమ్‌లో 'క్లీన్ అప్ కంప్యూటర్' బటన్ కోసం వెతుకుతున్నవాళ్లకి ఓ మాట. గూగుల్ దాన్ని 2023 మార్చిలోనే తీసేసింది. మీ కళ్లలో దోషం లేదు.

బయట శుభ్రమయ్యాక బ్రౌజర్. ఎక్స్‌టెన్షన్ల జాబితా తెరిచి తెలియనివి తీసేయండి. ఒక్కోసారి ఒకదానికి 'రిమూవ్' బటనే ఉండదు. మెనూ అడుగున 'మేనేజ్డ్ బై యువర్ ఆర్గనైజేషన్' అని ఉంటుంది. భానూర్‌లో మీ హాల్లో ఉన్న సిస్టమ్‌ని నిర్వహించే సంస్థ ఏది? మీ ఆవిడ అని నవ్వుకోవచ్చు గానీ, ఇది హైజాకర్లు చేసే గట్టి పని. పెద్ద ఆఫీసుల్లో వందల కంప్యూటర్లకి ఒకే నిబంధన పెట్టడానికి గూగుల్ ఇచ్చిన పాలసీ అనే సౌకర్యాన్ని మీ ఒక్క కంప్యూటర్ మీద వాడి, హైజాకర్ తనే మీ పై అధికారి అయి కూర్చుంటుంది. ఈ ఎక్స్‌టెన్షన్ ఉండి తీరాలి, ఈ సెర్చ్ పేజీయే రావాలి అని ఆర్డరు. మీరు తీసినా బ్రౌజరే విధేయంగా తెచ్చి పెడుతుంది. అడ్రస్ బార్‌లో క్రోమ్, కోలన్, రెండు స్లాష్‌లు, పాలసీ అని ఇంగ్లీషులో ఖాళీ లేకుండా కొట్టండి. ఎవరేం ఆర్డరు వేశారో కనిపిస్తుంది. ఆడ్‌డబ్ల్యూక్లీనర్ సెట్టింగ్స్‌లో క్రోమ్ పాలసీలని రీసెట్ చేసే మీట ఉంది, ప్రాక్సీ రీసెట్ కూడా. విండోస్ సెట్టింగ్‌లన్నీ దాచుకునే రిజిస్ట్రీలోకి దిగడం కంటే అది మేలు. తొందరపడే ముందు ఒక్కటి ఆలోచించండి. సెకండ్ హ్యాండ్ సిస్టమ్ ఏదైనా ఆఫీసు నుంచి వచ్చిందైతే ఆ పాలసీ పాత ఆఫీసుదే కావచ్చు. కొన్ని యాంటీవైరస్‌లూ పాలసీ పెడతాయి. అందుకే నోట్‌బుక్.

ఇంకో చోటు చాలామంది చూడరు. డెస్క్‌టాప్ మీదున్న క్రోమ్ బొమ్మ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ చూడండి. టార్గెట్ అనే గడిలో క్రోమ్ ఫైలు పేరు తర్వాత ఏదైనా వెబ్‌సైట్ అడ్రసు తగిలించి ఉందా? ఉంటే, మీరు లోపల ఎన్ని సెట్టింగ్‌లు మార్చినా ఆ బొమ్మ నొక్కినప్పుడల్లా అదే పేజీ తెరుచుకుంటుంది. ఆ బొమ్మని తీసేసి కొత్తది పెట్టుకోండి. టాస్క్‌బార్ మీదున్న బొమ్మ వేరు, దాన్నీ చూడండి. ఇక తెర మూలన పదేపదే లేచే 'మీ కంప్యూటర్లో 5 వైరస్‌లు' లాంటి పెట్టెలు చాలాసార్లు వైరస్‌లే కావు. ఎప్పుడో ఏదో సైటు నోటిఫికేషన్లు పంపనా అంటే 'అలౌ' కొట్టి ఉంటారు. సైట్ సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్ల జాబితాలోంచి ఆ సైటుని తీసేస్తే సరి.

చివరికి క్రోమ్‌ని రీసెట్ చేసేముందు ఓ మెట్టుంది. అందరూ జారేది దాని మీదే. సింక్. మీ గూగుల్ ఖాతాలో లాగిన్ అయి ఉంటే ఎక్స్‌టెన్షన్లు, సెట్టింగ్‌లు గూగుల్ దగ్గర భద్రంగా ఉంటాయి. హైజాకర్ పెట్టిన ఎక్స్‌టెన్షన్ కూడా. ఇక్కడ తీసి అక్కడ ఉంచితే మంచి మనసుతో గూగులే తెచ్చి ఇస్తుంది. నాన్న క్రోమ్ తీసేసి మళ్లీ ఎక్కించినా పాత పేజీ రావడానికి ఇది కూడా ఓ కారణం కావచ్చు. కాబట్టి ముందు సింక్ ఆపండి. శుభ్రం చేయండి. ఖాతాలో నిల్వ ఉన్న సింక్ డేటాని తుడిచేయండి. బుక్‌మార్క్‌లు ముందే ఓ ఫైలుగా దించుకోండి. అదే ఖాతాతో ఆఫీసులోనో, చుట్టాలింట్లోనో ఇంకో కంప్యూటర్‌లో క్రోమ్ తెరిచి ఉంటే అక్కడా చూడాలి. లేకపోతే అది పంపుతూనే ఉంటుంది.

ఇంత చేసినా పోకపోతే ఫార్మాట్. అందులో నామోషీ ఏమీ లేదు. కానీ షాపుకి తీసుకెళ్లి "ఫార్మాట్ కొట్టన్నా" అని వదిలేసి రాకండి. అక్కడ రెండు ప్రమాదాలు. క్రాక్ విండోస్ ఎక్కించి, దాన్ని నడపడానికి దొంగ యాక్టివేటర్ వేస్తే పాతది పోయి కొత్తది వచ్చినట్టే. ఆ యాక్టివేటర్ కోసం డిఫెండర్‌ని ఆపేయమంటారు కూడా, కాపలావాణ్ణి సెలవు మీద పంపినట్టు. రెండోది, ఫార్మాట్ అయ్యాక ఇంటికొచ్చి క్రోమ్‌లో లాగిన్ అవగానే సింక్ పాత ఎక్స్‌టెన్షన్‌ని తెచ్చిస్తుంది. "ఫార్మాట్ కొట్టినా పోలే" అనే వాళ్ల కథ చాలావరకు ఇదే. షాపులో ఇలా చెప్పండి: "అన్నా, ఒరిజినల్ విండోసే వెయ్యి. యాక్టివేటర్ వద్దు. ఫొటోలు, డాక్యుమెంట్లు మాత్రమే బ్యాకప్ తియ్యి, సెటప్ ఫైళ్లు వద్దు." పాత సిస్టమ్ విండోస్ 10 మీదే ఉంటే ఇంకో సంగతి. 2025 అక్టోబర్ 14తో దానికి మామూలు మద్దతు ఆగిపోయింది. విండోస్ 11 ఆ సిస్టమ్‌కి ఎక్కదంటే, పొడిగించిన సెక్యూరిటీ అప్‌డేట్లకి నమోదు చేసుకోవచ్చేమో చూడండి. లేదా చదువుకి, బ్రౌజింగ్‌కి మాత్రమే వాడే సిస్టమ్ అయితే ఉబుంటు లాంటి లైనక్స్ ఉచితంగా పెట్టుకోవచ్చు. పిల్లలు రెండు రోజుల్లో అలవాటు పడతారు. అలవాటు పడనిది మనమే.

శుభ్రమైన సిస్టమ్‌లో ఎక్స్‌టెన్షన్లు ఎంత తక్కువుంటే అంత మంచిది. మంచిది అనుకున్నది కూడా చేతులు మారుతుంది. ది గ్రేట్ సస్పెండర్ అని ట్యాబ్‌లని నిద్రపుచ్చే చక్కటి ఎక్స్‌టెన్షన్ ఉండేది, లక్షల మంది వాడేవాళ్లు. దాన్ని రాసినవాడు 2020లో వేరేవాళ్లకి అమ్మేశాడు. 2021 ఫిబ్రవరిలో గూగుల్ దాన్ని మాల్వేర్ అని తొలగించింది. వాడుతున్నవాళ్లు ఏమీ నొక్కలేదు, ఏ నెక్స్టూ కొట్టలేదు. నెలకోసారి జాబితా తెరిచి, ఆ నెల వాడనిదాన్ని తీసేయండి. అబ్బాయికే అప్పజెప్పండి ఆ పని.

ఇక విండోస్‌లో అకౌంట్లు. ఇంట్లో అందరూ ఒకే అడ్మిన్ అకౌంట్లో పనిచేస్తుంటే ఎవరు నెక్స్ట్ కొట్టినా మొత్తం సిస్టమ్‌కి కొట్టినట్టే. అబ్బాయికి స్టాండర్డ్ అకౌంట్ ఇవ్వండి. ఏదైనా పెద్దది ఎక్కించాలంటే పాస్‌వర్డ్ అడుగుతుంది, అడిగినప్పుడు పక్కన కూర్చుని ఇద్దరూ చదవొచ్చు. ఆ పాస్‌వర్డ్ నాన్న దగ్గరే ఉండాలన్న రూలేం లేదు. తెర మీద రాసింది చివరిదాకా చదివే ఓపిక ఎవరికుంటే వాళ్ల దగ్గర ఉండాలి. చాలా ఇళ్లలో అది అమ్మ అవుతుంది. నాన్నకి కూడా రోజువారీ పనికి స్టాండర్డ్ అకౌంటే.